మెదడు కణాలలోని తోడుపెద్దలు

ఇషా నమాజు చదివి జానిమాజు మడిచిపెట్టిన పది నిమిషాలకే "ఇషా వేళ అయిందా బేటా?" అని అడుగుతూ మళ్ళీ వుజూకు లేచే పెద్దవారు ఇప్పుడు ఎన్నో ఇళ్ళలో ఉన్నారు. నలభై ఏళ్ళ క్రితం నేర్చుకున్న పాఠం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగలరు. పొద్దున ఏం తిన్నారో మాత్రం చెప్పలేరు. అటువంటి ఇంట్లో మొదట వినిపించేది విసుగు. "ఇప్పుడేగా చదివారు!" అంటారు. కొందరు దాన్ని చాదస్తమంటారు, కొందరు మొండితనమంటారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారూ లేకపోలేదు. ఆ పెద్దాయన తలలో నిజానికి ఏమి జరుగుతున్నదో తెలిస్తే ఆ విసుగులో సగమైనా తగ్గుతుందన్న ఆశతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, మతిభ్రంశ వ్యాధులతో జీవిస్తున్నారని 2023లో వెలువడిన ఒక పెద్ద సర్వే అంచనా. ఈ వ్యాధులన్నింటిలో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో అగస్టా డీటర్ అనే స్త్రీని చేర్చారు. ఆమె వయసు 51. తన పేరు రాయమంటే మొదలుపెట్టి మధ్యలోనే మరచిపోయేది. ఆమెను పరీక్షించిన వైద్యుడు అలోయిస్ అల్జీమర్. 1906లో ఆమె మరణించాక ఆయన ఆమె మెదడును సన్నని పొరలుగా కోసి, రంగులు అద్ది, సూక్ష్మదర్శినిలో చూశారు. రెండు విషయాలు కంటబడ్డాయి. కణాల మధ్య ముద్దలు ముద్దలుగా పేరుకుపోయిన ఫలకాలు ఉన్నాయి. కణాల లోపల చిక్కుపడిన దారపు ఉండల వంటి పోగులు ఉన్నాయి. అదే సంవత్సరం నవంబరులో ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో ఆయన ఈ సంగతి వివరించారు. నాలుగేళ్ళ తరువాత క్రేపలిన్ అనే మానసిక వైద్యుడు తన పాఠ్యగ్రంథంలో ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టారు.

ఆ ఫలకాలలో ఉన్న పదార్థమేమిటో తెలియడానికి దాదాపు ఎనభై ఏళ్ళు పట్టింది. 1984లో గ్లెనర్, వాంగ్ అనే శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేశారు. అది ఎమైలాయిడ్ బీటా అనే చిన్న ప్రోటీను ముక్క. చిక్కుపోగులలో ఉన్నది టౌ అనే మరొక ప్రోటీను అని ఆ తరువాత తేలింది. ఇక్కడ ఆగి ఆలోచించవలసిన సంగతి ఒకటున్నది. ఈ రెండూ బయటినుండి చొరబడిన విషాలు కావు. ఎమైలాయిడ్ బీటా ఆరోగ్యవంతుల మెదడులోనూ ప్రతిదినం తయారవుతుంది. టౌ అయితే నాడీకణం లోపల సరుకు రవాణా జరిగే పట్టాలను కదలకుండా పట్టి ఉంచే ముఖ్యమైన పనిలో ఉంటుంది. మన సొంత ప్రోటీన్లే మనకు శత్రువులు ఎలా అయ్యాయి?

అక్షరాలు అవే, రూపం వేరు

ప్రోటీను అంటే ఒక గొలుసు. ఇరవై రకాల ఎమినో ఆమ్లాలు పూసలుగా వరుసగా గుచ్చి ఉంటాయి. అయితే చాలా ప్రోటీన్లు గొలుసుగా ఉన్నంతకాలం ఏ పనికీ రావు. తమకు నిర్ణయమైన రూపంలోకి ముడుచుకున్నప్పుడే వాటి పని మొదలవుతుంది. జీవితమంతా అరబీ వ్యాకరణం బోధించినవాణ్ణి కనుక నాకు ఇక్కడ ఒక పోలిక తోస్తున్నది. కాఫ్, తా, బా అనే మూడే మూలాక్షరాలు. వాటి మీది స్వరాలు మారితే ఒకసారి 'వ్రాశాడు' అవుతుంది, మరొకసారి 'వ్రాయబడింది' అవుతుంది. అక్షరాల వరుసలో మార్పేమీ లేదు. ఒక్క జేర్, ఒక్క పేష్ తప్పితే అర్థం తలకిందులవుతుంది. ప్రోటీను విషయమూ అంతే. పూసల వరుస సరిగానే ఉండి, మడత తప్పితే చాలు, అది వేరే వస్తువు అవుతుంది.

ఇంకా పెద్ద చిక్కు తరువాత వస్తుంది. తరగతిలో గట్టి గొంతుగల ఒక పిల్లవాడు తప్పుగా చదవడం మొదలుపెడితే పక్కవాడు అదే తప్పు అందుకుంటాడు, కాసేపటికి వరుస వరుసంతా అదే చదువుతుంది. మడత తప్పిన టౌ కూడా తన పక్కనున్న మంచి టౌను తన రూపంలోకి లాగుతుంది. ఒక కణంనుండి మరో కణానికి ఈ తప్పు పాకుతుంది. అల్జీమర్స్ వ్యాధి మెదడులో ఒక భాగంనుండి మరో భాగానికి క్రమంగా విస్తరించే తీరుకు ఇదొక ప్రధాన కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

తప్పు చదివే పిల్లవాడి పక్కన కూర్చుని దిద్దే పెద్దవాడొకరు ఉండాలి కదా! కణంలో అటువంటివారున్నారు. ఈ వ్యాసానికి అసలు విషయం వారే.

వేడి తగిలిన ఈగలు

అమెరికన్ శాస్త్రవేత్త క్రిస్టియన్ ఆన్‌ఫిన్సెన్ ఒక ప్రోటీను మడతలన్నీ విప్పేసి, పరిస్థితులు అనుకూలింపజేస్తే అది తనంతట తానే తిరిగి ముడుచుకుంటుందని పరీక్షనాళికలో నిరూపించారు. 1972లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఇక ప్రోటీనుకు ఎవరి సాయమూ అక్కరలేదని చాలామంది అనుకున్నారు. కాని పరీక్షనాళిక వేరు, కణం వేరు. నాళికలో కాసిని అణువులు విశాలమైన నీటిలో తేలుతుంటాయి. కణంలో పెద్ద పండుగనాటి బజారు వంటి క్రిక్కిరిసిన రద్దీ. సగం మడతపడిన గొలుసుకు ఇంకా బయటికి తేలి ఉన్న జిగట భాగాలు ఉంటాయి. ఆ రద్దీలో అవి పక్కనున్న మరో గొలుసుకు అంటుకుంటే ఇద్దరూ చెడిపోతారు.

ఈ ప్రమాదాన్ని కణం ఎలా తప్పించుకుంటున్నదో తెలిపే మొదటి ఆచూకీ పొరపాటున దొరికింది. ఇటలీలో ఫెరుచియో రిటోస్సా అనే యువ శాస్త్రవేత్త పండ్ల ఈగల మీద పనిచేస్తుండేవారు. ఒకసారి ఎవరో ఆయన ఈగలున్న పెట్టె ఉష్ణోగ్రతను పెంచారు. తరువాత చూస్తే, ఈగ పిల్లల లాలాజల గ్రంథుల క్రోమోజోముల మీద కొన్ని చోట్ల అంతకుముందు లేని ఉబ్బులు కనిపించాయి. ఉబ్బు ఉన్నదంటే అక్కడి జన్యువు మేల్కొని పనిలో దిగిందని అర్థం. 1962లో ఆయన దీన్ని ప్రకటించారు. అంతకుముందు ఒక ప్రసిద్ధ పత్రిక దీనికి ప్రాధాన్యం లేదని తిప్పి పంపిందని ఆయనే తరువాత చెప్పుకున్నారు. మరో పన్నెండేళ్ళకు, 1974లో, ఆ వేడికి పుట్టుకొచ్చే ప్రోటీన్లను గుర్తించారు. వేడి తాకిడికి పుట్టినవి కనుక వాటికి 'హీట్ షాక్ ప్రోటీన్లు' అని పేరు వచ్చింది. పొట్టిగా హెచ్‌ఎస్‌పి అంటారు. పక్కన వేసే 40, 60, 70, 90 అనే అంకెలు వాటి అణుభారాన్ని సూచిస్తాయి.

వేడికి ప్రోటీన్ల మడతలు విచ్చుకుంటాయి. కోడిగుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడేది అందుకే. ఆ విపత్తునుండి మిగిలిన ప్రోటీన్లను కాపాడడానికే ఈ కొత్తవి పరుగున వస్తున్నాయి.

'షాపరోన్' అన్న పేరు 1978లో వచ్చింది. కప్ప గుడ్లలో డీఎన్‌ఏతో ప్రోటీన్లు అడ్డదిడ్డంగా అంటుకుపోకుండా చూసే ఒక ప్రోటీనుకు బ్రిటిష్ శాస్త్రవేత్త రాన్ లాస్కీ బృందం ఆ మాట వాడింది. 1987లో జాన్ ఎల్లిస్ దాన్ని ఇటువంటి ప్రోటీన్లన్నింటికీ వర్తింపజేశారు. పాతకాలపు ఐరోపాలో పెళ్ళికాని అమ్మాయి బయటి సభలకు వెళ్ళేటప్పుడు తోడుగా వెళ్ళే పెద్దావిడను షాపరోన్ అనేవారు. మన ఇళ్ళకు ఇది కొత్త ఆచారం కాదు. ఖాలానో, నానీనో వెంట పంపనిదే ఆడపిల్లను ఊరు దాటించని కుటుంబాలు నిన్నమొన్నటివరకూ ఉన్నాయి, నేటికీ ఉన్నాయి. ఆ పెద్దావిడ పని అనుచితమైన పరిచయాలను దూరంగా ఉంచడం వరకే. అమ్మాయి తన ఇంటికి చేరాక ఆమె తన దారిన తాను వెళ్ళిపోతుంది. షాపరోన్ కూడా మడత పూర్తయ్యాక ఆ ప్రోటీనును విడిచి వెళ్ళిపోతుంది, దానిలో భాగం కాదు. అందుకే ఈ వ్యాసంలో వాటిని తోడుపెద్దలని పిలుచుకుందాం. ఉల్రిక్ హార్ట్‌ల్, ఆర్థర్ హార్విచ్ అనే ఇద్దరు 1989లో హెచ్‌ఎస్‌పి 60 సాయం లేకపోతే కణంలో కొన్ని ప్రోటీన్లు మడతపడలేవని చూపడంతో, ఆన్‌ఫిన్సెన్ సిద్ధాంతానికి కణం వైపునుండి ఒక ముఖ్యమైన చేర్పు లభించినట్లయింది.

దిద్దుబాటు, లేదా సాగనంపడం

హెచ్‌ఎస్‌పి 40 మడత తప్పిన గొలుసును గుర్తించి తీసుకువస్తుంది. హెచ్‌ఎస్‌పి 70 దాని జిగట భాగాన్ని పట్టుకుంటుంది. కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చుచేసి, కాసేపు పట్టి, వదిలి, మళ్ళీ పట్టి, ముడుచుకునేందుకు ఆ గొలుసుకు పదేపదే అవకాశమిస్తుంది. ఎన్ని అవకాశాలిచ్చినా కుదరకపోతే చిప్ అనే మరో ప్రోటీను వచ్చి ఆ గొలుసుకు యుబిక్విటిన్ అనే ముద్ర వేస్తుంది. ముద్ర పడినదాన్ని కణంలోని ప్రోటియజోమ్ అనే యంత్రం ముక్కలు చేసి, పూసలను మళ్ళీ వాడకానికి ఇస్తుంది. ఈ ముద్ర రహస్యాన్ని విప్పిన సీకానోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. టౌ కూడా ఈ దారినే శుభ్రమవుతుంది.

కణం బయట మరికొందరు తోడుపెద్దలు కాపలా ఉంటారు. వారిలో ముఖ్యమైనది క్లస్టెరిన్. అది ఎమైలాయిడ్ బీటాను పట్టుకుని ముద్ద కట్టకుండా చూస్తుంది. 2009లో వేలాది రోగుల జన్యువులను పోల్చిచూసిన రెండు వేర్వేరు పరిశోధనలు ఒకేసారి వెలువడ్డాయి. క్లస్టెరిన్ జన్యువులోని తేడాలకు అల్జీమర్స్ వచ్చే అవకాశానికి సంబంధం ఉన్నట్లు రెండింటిలోనూ తేలింది. తోడుపెద్దల కథ ప్రయోగశాల గోడలు దాటి, జబ్బుపడ్డ మనుషుల దాకా చేరిందనడానికి నా దృష్టిలో ఇదొక బలమైన సాక్ష్యం.

ఇంత ఏర్పాటు ఉండగా వ్యాధి ఎందుకు వస్తున్నది? వయసు వల్ల. తోడుపెద్దలను పిలిపించే అధికారి హెచ్‌ఎస్‌ఎఫ్ 1 అనే ప్రోటీను. వయసు పైబడేకొద్దీ దాని స్పందన మందగిస్తుంది. చర్మ కణాలు చస్తే కొత్తవి వస్తాయి, నాడీకణాలు మాత్రం దాదాపుగా మనతో పుట్టి మనతోనే ముగుస్తాయి. డెబ్బై ఏళ్ళ చెత్తను ఒకే కణం మోయాలి. ఒకవైపు చెత్త పెరుగుతున్నది, మరోవైపు ఊడ్చేవారు తగ్గుతున్నారు. మతిమరుపు పైకి కనిపించడానికి పదిహేను ఇరవై ఏళ్ళ ముందే ఎమైలాయిడ్ పేరుకోవడం మొదలవుతుంది. డెబ్బయ్యో ఏట వుజూ చేశానో లేదో గుర్తులేక తడబడే మనిషిలో ఆ పని యాభై దాటగానే ఆరంభమై ఉంటుంది. ఆయన మొండితనానికి అందులో చోటెక్కడున్నది?

హైదరాబాదులో ఒక కంటి పాఠం

శరీరంలో మెదడు వలెనే పాత సరుకుతో బతికే మరో చోటు ఉన్నది. అది కంటి కటకం. దాని మధ్యభాగంలోని ప్రోటీన్లు మనం పుట్టకముందు తయారైనవి, ఆపై మారవు. అవి ముద్దకట్టి తెల్లబడితే అదే శుక్లం. కటకంలో సమృద్ధిగా ఉండే ఆల్ఫా క్రిస్టలిన్ ఒక తోడుపెద్ద అని 1992లో జోసెఫ్ హార్విట్జ్ చూపారు. అప్పటినుండి దాని పనితీరు మీద లోతైన కృషి చేసినవారిలో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్త, తరువాత ఆ సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన సీహెచ్ మోహనరావు గారు ఒకరు. వేడి పెరిగేకొద్దీ ఈ ప్రోటీను రూపం మార్చుకుని మరింత చురుకుగా పనిచేస్తుందని ఆయన బృందం గమనించింది. ఇదే కుటుంబానికి చెందిన ఆల్ఫా బి క్రిస్టలిన్ అల్జీమర్స్ రోగుల మెదడులోనూ హెచ్చుగా కనిపిస్తుంది. కన్నూ మెదడూ ఒకే రకం కావలివారిని పెట్టుకున్నాయన్నమాట.

మందు ఎందుకు ఇంకా రాలేదు

తోడుపెద్దలను పెంచితే సరిపోదా అని అడగడం సహజం. ఇరవై ఏళ్ళుగా శాస్త్రవేత్తలు చేస్తున్న ప్రయత్నమూ అదే. అయితే దారి పొడవునా ముళ్ళున్నాయి.

హెచ్‌ఎస్‌పి 90 సంగతి చూడండి. అది కూడా తోడుపెద్దే. కాని చెడిన టౌను పారవేయడానికి బదులు దాన్ని నిలబెట్టే పనిలో ఉంటుంది. పిల్లవాడు ఎన్ని తప్పులు చేసినా వెనకేసుకొచ్చే పెద్దల వంటిది. వయసుతో పెరిగే ఎఫ్‌కేబీపీ 51 అనే ప్రోటీను దీనితో చేతులు కలిపితే టౌ మరింత విషపూరితమైన చిన్న గుంపులుగా మారుతుందని 2013లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలో కనుగొన్నారు. హెచ్‌ఎస్‌పి 90ను అడ్డుకునే మందులిస్తే ఎలుకలలో చెడిన టౌ తగ్గింది. కాని వందలాది ఇతర ప్రోటీన్లు కూడా దీన్నే నమ్ముకుని ఉన్నాయి. ఈ కోవలో మొదటిదైన జెల్డానమైసిన్ కాలేయాన్ని దెబ్బతీసింది.

కట్టిన ముద్దలను విడదీసే ఏర్పాటు కూడా కణంలో ఉన్నది. హెచ్‌ఎస్‌పి 70, దాని సహచరులు కలిసి టౌ పోగులను విప్పగలవని 2020లో ప్రకటితమైంది. వినగానే ఆనందం కలిగించే వార్త ఇది. అదే పరిశోధన మరో మాట కూడా చెప్పింది. అలా విడిపోయిన ముక్కలు కొత్త కణాలలో తిరిగి చెడును నాటగలవు. పాత గోడ కూలగొట్టినప్పుడు లేచే దుమ్ము ఊరంతా పరచుకున్నట్లు. కూలగొట్టడంతో పాటు ఆ శిథిలాలను ఎత్తిపోయడం కూడా జరగాలి.

హెచ్‌ఎస్‌ఎఫ్ 1ను మేల్కొలిపి తోడుపెద్దలందరినీ ఒకేసారి పెంచుదామా అంటే, క్యాన్సర్ కణాలు కూడా బతకడానికి వీరిమీదే ఆధారపడతాయి. ఏళ్ళ తరబడి వాడవలసిన మందులో ఈ భయం చిన్నది కాదు. అరిమోక్లోమాల్ అనే మందు ఆపదలో ఉన్న కణాలలో మాత్రమే ఈ స్పందనను బలపరచేందుకు రూపొందింది. ఏఎల్‌ఎస్ అనే నరాల వ్యాధిలో 2021లో అది విఫలమైంది. నీమాన్ పిక్ సి అనే అరుదైన పిల్లల వ్యాధికి 2024 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి పొందింది. అల్జీమర్స్‌కు ఏ అనుమతీ లేదు.

నాకు ఆశాజనకంగా తోచినది స్వీడన్‌లోని కరోలిన్స్కా సంస్థ పరిశోధకులు వెంట పట్టిన బ్రైకోస్ అనే ప్రోటీను భాగం. ఎమైలాయిడ్ పోగు ఒకసారి తయారైతే దాని పైతలం మీద కొత్త విషగుంపులు పుట్టుకొస్తూ ఉంటాయి. పోగుకన్నా ఈ చిన్న గుంపులే నాడీకణాలకు ఎక్కువ హానికరం. బ్రైకోస్ ఆ పైతలాన్ని కప్పేసి ఈ సంతానోత్పత్తిని ఆపుతుందని 2015లో నిరూపించారు. పోగును పీకివేయవలసిన పనిలేదు, దాన్ని గొడ్రాలిని చేస్తే చాలు. ఇది ఇంకా రోగుల చికిత్స దాకా రాలేదు.

మరి ఈరోజు వైద్యుడు ఏమివ్వగలరు? డొనెపెజిల్, మెమాంటిన్ వంటివి లక్షణాలను కొంతకాలం నిలుపుతాయి. వ్యాధి మూలాన్ని తాకవు. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ ఎమైలాయిడ్‌ను తొలగించే ప్రతిరక్షకం. దాదాపు 1,800 మంది తొలిదశ రోగులలో 18 నెలలపాటు పరీక్షిస్తే క్షీణత 27 శాతం నెమ్మదించింది. ఆగలేదు, నెమ్మదించింది. మందు పొందినవారిలో 12.6 శాతం మందికి మెదడులో వాపు స్కానింగులో కనిపించింది. కనుక తరచుగా ఎంఆర్‌ఐ తీయించుకుంటూ వాడవలసిన మందు ఇది.

ఈలోగా ఇంటివారు

తోడుపెద్దలు ప్రోటీన్లే కదా అని ప్రోటీను పొడి డబ్బాలు కొనేవారు కనిపిస్తారు. తిన్న ప్రోటీను కడుపులో పూసలు పూసలుగా విడిపోతుంది. అది మెదడులో తోడుపెద్ద కాలేదు. జ్ఞాపకశక్తి పెంచుతామని అమ్మే సీసాల మీద ఖర్చుచేసే ముందు నాడీ వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళి బి 12, థైరాయిడ్ రక్తపరీక్షలు చేయించండి. ఆ రెండింటి లోపం వల్లా మతిమరుపు వస్తుంది, అది మందులతో నయం చేయదగినది. నిద్రకూ అలర్జీకీ వాడే కొన్ని మాత్రలు కూడా ముసలివారి మతిని మసకబారుస్తాయి. వాడుతున్న మాత్రలన్నీ సంచీలో వేసి వైద్యునికి చూపండి.

వేడి తగిలితే తోడుపెద్దలు పెరుగుతాయని చదివి, ముసలివారిని ఎండలో కూర్చోబెట్టే తెలివి ఎవరికీ పుట్టకూడదు. ఫిన్లాండ్‌లో 2,315 మంది పురుషులను దాదాపు ఇరవై ఏళ్ళు గమనించిన పరిశోధన 2017లో వెలువడింది. వారానికి నాలుగైనా అంతకుమించైనా సార్లు ఆవిరి గదిలో కూర్చునేవారికి, వారానికి ఒకసారి కూర్చునేవారికన్నా మతిభ్రంశం 66 శాతం తక్కువగా కనిపించింది. ఆవిరే కారణమని అది నిరూపించలేదు. ఆరోగ్యంగా ఉన్నవారే తరచుగా ఆవిరి గదికి వెళ్ళగలుగుతారు కదా. మన వేసవిలో వడదెబ్బ మాత్రం నిరూపితమైన మృత్యుకారణం. నడక, శ్రమ అలా కాదు. వ్యాయామంతో కండరాలలో హెచ్‌ఎస్‌పి 70 పెరుగుతుంది, గుండెకూ రక్తనాళాలకూ మేలు జరుగుతుంది.

2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం 14 కారణాలను లెక్కించింది. వాటన్నింటినీ సరిదిద్దగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం మతిభ్రంశ వ్యాధులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది. రక్తపోటు, మధుమేహం, పొగాకు, వినికిడి లోపం, ఒంటరితనం వంటివి అందులో ముందునుండీ ఉన్నవే. కొత్తగా చేర్చినవి రెండు. ఒకటి చెడు కొలెస్ట్రాల్, రెండవది సరిచేయించుకోని చూపు లోపం. మనలో చూపు లోపానికి అతి పెద్ద కారణం శుక్లం. అంటే కటకంలోని ఆ తోడుపెద్ద, ఆల్ఫా క్రిస్టలిన్, దశాబ్దాల కాపలా తరువాత అలసిపోయిన చోటు. మెదడులో అలసిన తోడుపెద్దల స్థానంలో కొత్తవారిని పెట్టే మందు ఇంకా తయారు కాలేదు. కంట్లో మాత్రం ఆ పని అరగంటలోపు శస్త్రచికిత్సతో పూర్తవుతున్నది. మసకబారిన కటకాన్ని తీసి కృత్రిమ కటకం పెడతారు, చాలామంది అదే రోజు ఇంటికి వస్తారు. "ఈ వయసులో ఇక ఆపరేషన్ ఎందుకులే" అని దాన్ని వాయిదా వేస్తున్న పెద్దవారు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, ఈ నెలలోనే ఒకసారి కంటి పరీక్షకు తీసుకువెళ్ళండి.